బొటనవ్రేలి నొప్పియు, మూత్రపిండములును

మన డెంకణికోట ప్రాంతములో మోకాలు నొచ్చినను, చీలమండ వాచినను, వ్రేళ్ళు బిగిసినను పెద్దలు చెప్పు మాట ఒక్కటే: వాతము. తమిళులు కీల్వాదమందురు, కన్నడిగులు సంధివాతమందురు, మనము కీళ్ళవాతమందుము. మూడు భాషలవారు కలిసి కాపురముండు ఈ సీమలో ఈ ఒక్క విషయమున మాత్రము అందరి పలుకును ఒక్కటియే! కాని ఆ ఒక్క మాట చాటున వేర్వేరు వ్యాధులు దాగియున్నవి. వయస్సు చేత కీళ్ళు అరుగుట ఒకటి. చేతివ్రేళ్ళ కణుపులను వంకరపుచ్చు వ్యాధి మరియొకటి. మన కృష్ణగిరి జిల్లాలోను, ధర్మపురి జిల్లాలోను భూగర్భజలమున ఫ్లోరైడు మిక్కుటముగా ఉన్నచోట్ల ఎముకలు బిగిసి నొప్పి పుట్టుట వేరొకటి. హొగెనకల్ కావేరీ జలమును ఈ రెండు జిల్లాలకు తెచ్చు పథకము 2013లో ప్రారంభమగుటకు ఆ ఫ్లోరైడే కారణము.

వీనిలో దేనికిని చెందక, నిన్నటి రాత్రి వరకు జాడయే లేని నొప్పి, తెల్లవారుజామున ఒక్కసారిగా కాలి బొటనవ్రేలి మొదట పుట్టి, జాము గడచునప్పటికి ఆ చోటు ఎర్రబారి, నిగనిగలాడునట్లు వాచి, కప్పుకొన్న దుప్పటి తగిలినను ఓర్చుకొనలేనంతగా బాధించునది ఒకటి కలదు. దానిని ఆంగ్లవైద్యులు గౌట్ అందురు. చరకసంహిత చికిత్సాస్థానములో వాతరక్తమను పేరుతో ఒక ప్రత్యేకాధ్యాయమే కలదు. పాదములనుండియో చేతులనుండియో మొదలై ఇతర సంధులకు ప్రాకునని అందు వర్ణింపబడిన రోగమును పలువురు ఈ గౌట్‌తో పోల్చుదురు. ఈ నొప్పి ఏమియు చేయకున్నను ఒకటి రెండు వారములలో తనంత తానే తగ్గిపోవును. ఆ తగ్గుటయే మనలను మోసపుచ్చునది. ఆ పదిదినములలో రోగి ఏ మాత్రను మ్రింగెనో, ఆ మాత్ర అతని మూత్రపిండములకు ఏమి చేసెనో అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు ప్రధానము.

ముందుగా గౌట్ ఏల వచ్చునో తెలిసికొందము.

మన శరీరములోని ప్రతి జీవకణము నందును ప్యూరినులను పదార్థములు కలవు. భీమవరమున 1895లో జన్మించిన మన తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1929లో అమెరికాలో లోకమునకు వెల్లడించిన ఏ.టి.పి. అను శక్తిద్రవ్యము పేరు పై తరగతుల విద్యార్థులు వినియుందురు. కండరము కదలుటకు ఇంధనమగు ఆ ద్రవ్యములో ఎడినిన్ అను భాగము ప్యూరినుల కుటుంబమునకు చెందినదే. కణములు పాతబడి నశించునపుడును, మనము తిన్న మాంసాదులు జీర్ణమగునపుడును ఈ ప్యూరినులు విచ్ఛిన్నమై చివరకు యూరిక్ ఆమ్లముగా మారును. కుక్క మొదలగు పెక్కు జంతువుల శరీరములో దీనిని ఇంకను సులువుగా కరగు పదార్థముగా మార్చు ఎంజైము ఒకటి ఉన్నది. మానవుడును, తోక లేని పెద్ద వానరములును ఆ ఎంజైమును లక్షలకొలది యేండ్ల క్రిందటనే కోల్పోయినారు. కావున యూరిక్ ఆమ్లము మనలో అట్లే నిలిచి, సుమారు మూడింట రెండువంతులు మూత్రము ద్వారా, తక్కిన వంతు ప్రేగుల ద్వారా బయటకు పోవలసియున్నది.

కలకండ చేయువారిని చూచినవారికి తరువాతి సంగతి సులభముగా బోధపడును. చిక్కని చక్కెరపాకములో దారము వ్రేలాడదీసి కదలనీయక యుంచినచో, పాకము చల్లారినకొలది దారమును పట్టుకొని పలుకులు కట్టును. నీరు ఎంత చక్కెరను కరగించుకొనగలదో దానికొక హద్దు కలదు. చల్లబడినచో ఆ హద్దు తగ్గును. రక్తము సంగతియు అంతే. 100 మిల్లీలీటర్ల రక్తద్రవములో సుమారు 6.8 మిల్లీగ్రాములు మించినచో యూరిక్ ఆమ్లపు లవణము కరగి నిలువలేదు. శరీరమున మిక్కిలి చల్లగా నుండు చోట్లలో కాలివ్రేళ్ళు మొదటివి. అందుచేత అచ్చటి కీలులో సూదులవంటి సన్నని స్ఫటికములు పేరుకొనును. ఏండ్ల తరబడి అవి ఊరక పడియుండవచ్చును. ఒకనాడు తెల్లరక్తకణములు వానిని శత్రువులని ఎంచి పైబడును. ఆ యుద్ధమే ఆ వాపు, ఆ మంట. లండనులో గారోడ్ అను వైద్యుడు 1848లో గౌట్ రోగుల రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చుగా నున్నదని నిరూపించెను. ఆయన తరువాత వాడిన పరీక్ష ఏమనుకొన్నారు? రోగి రక్తద్రవములో కొంచెము ఆమ్లము కలిపి, అందొక దారపుపోగు వేసి, కొంతకాలము కదలనీయక యుంచుట! పోగుపై పలుకులు కట్టినచో గౌట్ అని తీర్మానించెడివాడు. మన కలకండ బట్టీలోని ఉపాయమే.

ఇక మూత్రపిండముల విషయము. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పదిలక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉండును. అవి రెండును కలిసి దినమునకు 180 లీటర్ల ద్రవమును వడబోసి, దానిలో హెచ్చుభాగమును తిరిగి రక్తములోనికే చేర్చి, లీటరున్నర మాత్రము మూత్రముగా బయటకు పంపును. మధుమేహము చేతనో, రక్తపు పోటు చేతనో, మరియే కారణము చేతనో ఈ జల్లెడలు చెడినకొలది యూరిక్ ఆమ్లము లోపలనే నిలిచిపోవును. అందుచేతనే మూత్రపిండములు బలహీనమైనవారికి గౌట్ ఇతరులకంటె ఎక్కువగా వచ్చును. కాళ్ళ వాపునకును పోటునకును ఇచ్చు కొన్ని మూత్రవర్ధక మాత్రలును యూరిక్ ఆమ్లమును పెంచును. ఇరువదియైదేండ్లలోపు యువకునకు గౌట్ కనబడెనా, అతని మూత్రపిండములను తప్పక పరీక్షింపవలెను. కొన్ని కుటుంబములలో ఈ రెండును కలిసి తరతరములుగా వచ్చుచుండును.

మూత్రపిండములు ఎంత పనిచేయుచున్నవో ఎట్లు తెలియును? రక్తములో క్రియాటినిన్ అను పదార్థమును కొలిచి, వయస్సును బట్టియు, స్త్రీపురుష భేదమును బట్టియు లెక్కకట్టి, నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వడబోయబడుచున్నదో చెప్పుదురు. పరీక్షశాల కాగితములో దానిని ఈ.జి.ఎఫ్.ఆర్. అని వ్రాయుదురు. యౌవనమున ఇది 100కు అటునిటుగా ఉండును. మూడు మాసములకు మించి 60కి దిగువన ఉన్నచో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి యని అర్థము. 30కి దిగువనున్నచో తీవ్రమైనది. 15కి దిగువకు దిగినచో డయాలిసిస్ ఆలోచన వచ్చును. ఇందు భయంకరమైన సంగతి ఏమనగా, 30 వరకు దిగినను పెక్కుమందికి ఏ బాధయు తెలియదు.

తెలుగుదేశమున దీనికి పెద్ద దృష్టాంతము శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు నిండిన పచ్చని సీమ అది. ఉద్యానవనమను మాటనుండియే ఆ పేరు వచ్చినదందురు. అచ్చట మధుమేహముగాని, రక్తపు పోటుగాని లేనివారికి, హెచ్చుగా ఆరుబయట కష్టించు శ్రమజీవులకు, మూత్రపిండములు చెడిపోవుచున్నవి. నీరు, పురుగుమందులు, ఎండ వేడిమి, నొప్పి మాత్రలు, వంశలక్షణము—ఇట్లు పలు కారణములను శోధించినను ఇదియే యని తేల్చి చెప్పుటకు వీలుపడలేదు. పలాసలో 200 పడకల ప్రత్యేక ఆసుపత్రియు, మూత్రపిండ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. మన ప్రాంతము ఉద్దానము కాదు. అయినను రాతిగనులలోను, రాయకోట చుట్టుపట్ల టమాటా తోటలలోను మండుటెండలో పాటుపడి, చాలినంత నీరు త్రాగక, సాయంకాలము ఒళ్ళునొప్పులకు అంగడిలో మాత్ర కొని మ్రింగు అలవాటు మనవారికిని కలదు. మూత్రపిండముల స్థితి రక్తపరీక్ష లేక తెలియదని ఉద్దానము నేర్పిన సంగతిని ఆ మాత్ర కొనునపుడు తలంచుకొనవలెను.

ఆ మాత్ర చేయు పని ఎట్టిదో వివరింతును. చెరువులో నీరు తగ్గినపుడు నీరుగట్టు చూచువాడు తూమును మరికొంత ఎత్తి కాలువకు అందవలసిన నీటిని అందించును. శరీరములో నీరు తగ్గినపుడును, మూత్రపిండము ముందే బలహీనమై యున్నపుడును, ప్రోస్టాగ్లాండినులను ద్రవ్యములు ఆ తూమువానివలె మూత్రపిండమునకు పోవు చిన్న ధమనిని విప్పి పట్టుకొని రక్తము తగ్గకుండ చూచును. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్ మొదలగు నొప్పి మాత్రలు ఆ ద్రవ్యములు తయారుకాకుండ అడ్డగించును. నొప్పిని, వాపును పుట్టించునవియు ఆ జాతి ద్రవ్యములే గనుక నొప్పి తగ్గుట నిజమే. తూము మూతపడుటయు నిజమే. ఆరోగ్యవంతుడు రెండు దినములు వాడినచో సాధారణముగా తట్టుకొనును. మూత్రపిండములు సగము చెడినవాడు, అందును పోటు మాత్రయు మూత్రవర్ధకమును వాడుచున్నవాడు వీనిని మ్రింగినచో, కొలది దినములలోనే క్రియాటినిన్ పైకెగబ్రాకును. వాంతులో విరేచనములో తోడైనచో అపాయము ఇబ్బడియగును.

ఈ మాట నమ్మకము కుదరనివారు రాబందుల కథ వినవలెను. మనకు ఎంతో దూరము కాని రామనగరమునొద్ద రామదేవరబెట్టలో రాబందుల అభయారణ్యము కలదు. ఒకప్పుడు భారతదేశమంతట పశుకళేబరములపై గుంపులుగా వ్రాలిన ఈ పక్షులు 1990 తరువాత పదిపదునైదేండ్లలో నూటికి తొంబదియైదింటికి పైగా నశించినవి. చచ్చిన పక్షులను కోసి చూడగా గుండె, కాలేయము మొదలగువానిపై సున్నము పూసినట్లు తెల్లని పదార్థము కనబడెను. అది యూరిక్ ఆమ్లమే. పక్షులు తమ దేహములోని మలినమును హెచ్చుగా యూరిక్ ఆమ్లరూపముననే విసర్జించును. మూత్రపిండములు ఆగిపోగా అది లోపలి అవయవములపై పేరుకొన్నది. అనగా అవి గౌట్‌తోనే చచ్చినవి! కారణము ఏమని వెదకగా, పశువులకు నొప్పి తగ్గుటకిచ్చిన డైక్లోఫినాక్ ఆ కళేబరముల ద్వారా రాబందుల కడుపున చేరెనని 2004లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. భారత ప్రభుత్వము 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మనుష్యుని మూత్రపిండము రాబందు మూత్రపిండమంత సుకుమారము కాదు, నిజమే. అయినను గౌట్ నొప్పికని మ్రింగు మందే మూత్రపిండమును దెబ్బతీసి, యూరిక్ ఆమ్లమును పెంచి, మరల గౌట్‌నే తెచ్చు విషచక్రము మనుష్యులలోను కలదు.

అట్లయిన, మూత్రపిండ వ్యాధి గలవాడు ఆ నొప్పిని పండ్లు బిగబట్టి ఓర్చుకొనవలసినదేనా? అక్కరలేదు. ఇతర మార్గములు ఉన్నవి. కాలిని ఎత్తుగా ఉంచి కదలనీయక, తడిగుడ్డలో చుట్టిన మంచుగడ్డను కొంతసేపు ఆనించుట మొదటిది. చల్లదనము చేతనే గదా స్ఫటికములు కట్టునన్నారు, మరల మంచుగడ్డ యేలయని చురుకైన విద్యార్థి ఎవడైన అడుగవచ్చును. ఆ ప్రశ్న మంచిదే. అంతకుముందే కట్టియున్న స్ఫటికముల చుట్టు రేగిన వాపును అణచుట ఇప్పటి పని; దానికి చల్లదనము మేలు చేయును. పారాసిటమాల్‌ను వైద్యుడు చెప్పిన మోతాదు మించకుండ వాడినచో మూత్రపిండములకు హాని తక్కువ. కాని గౌట్ నొప్పికి దాని బలము చాలదు. సాధారణముగా వైద్యుడు కొలది దినములపాటు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడును ఇచ్చును. ఒక్క కీలే వాచియున్నచో కొందరు ఆ కీలులోనికే సూదిమందు వేయుదురు. స్టెరాయిడు వలన మధుమేహులకు చక్కెర పెరుగును, పోటును పెరుగును. కావున ఆ దినములలో రెండింటిని చూచుకొనుచుండవలెను. కీలు వాపుతోపాటు జ్వరము, చలి ఉన్నచో మాత్రము ఇంట నుండరాదు. కీలులో చీము పట్టినపుడును ఇట్లే ఉండును. కీలులోని నీటిని తీసి సూక్ష్మదర్శినిలో చూచినగాని ఈ రెండింటిని స్పష్టముగా వేరుచేయ వీలుకాదు.

కాల్చిసిన్ అను మరియొక మందు కలదు. దాని చరిత్ర మన రాష్ట్రమునకు సంబంధించినదే. తమిళనాడు రాష్ట్రపుష్పమగు కాందళ్‌ను మీరెరుగుదురు: ఎరుపు పసుపు కలిసి అగ్నిజ్వాలవలె పైకి లేచు రేకులు గలది. తెలుగున అడవినాభి యనియు, సంస్కృతమున అగ్నిశిఖ యనియు పేర్లు. దాని గింజలలోను దుంపలోను ఉన్న విషమే కాల్చిసిన్. మన రాష్ట్రపు పడమటి జిల్లాలలో రైతులు ఆ గింజల కొరకే దీనిని సాగుచేయుదురు. బాలురు ఈ దుంపను ముట్టి చేతిని నోట పెట్టుకొనరాదు; దానిని తిని ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఇట్టి విషమును మాత్రగా చేసి అత్యల్ప ప్రమాణమున ఇచ్చినచో గౌట్ మంట అణగును. మొదటి దినముననే ఆరంభించినచో గుణము హెచ్చు. అయితే ఈ మందులో కొంతభాగము మూత్రపిండముల ద్వారా బయటకు పోవలెను. అవి బలహీనమైనచో మందు లోపల నిలిచి, విరేచనములు, కండరముల నీరసము, ఎముక మూలుగకు హాని కలుగును. ఈ.జి.ఎఫ్.ఆర్. 30కి దిగువనున్నవారికి మోతాదు తగ్గించి, మరల ఇచ్చుటకు నడుమ రెండు వారములైన ఎడమిచ్చెదరు. డయాలిసిస్ దీనిని తొలగింపలేదు. క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయోటిక్కులతో కలిసినచో మరింత ప్రమాదము. నిరుడు వ్రాసిన చీటీని చూపి కాల్చిసిన్ కొనుట వివేకము కాదు.

నొప్పి తగ్గినంతనే రోగము కుదిరినట్లు కాదని ముందే చెప్పితిని. పలుకులు కీళ్ళలో అట్లే ఉన్నవి. ఏటికి రెండుసార్లుగాని అంతకు మించిగాని నొప్పి వచ్చువారికి, చర్మము క్రింద సున్నపుముద్దల వంటి గడ్డలు లేచినవారికి, యూరిక్ ఆమ్లమును తగ్గించు నిత్యచికిత్స అవసరము. మూత్రపిండ వ్యాధి నడిమి దశ దాటినవారికి మొదటిసారి నొప్పికే దానిని ఆరంభింపవచ్చునని నేటి వైద్యుల అభిప్రాయము. దీనికి ముఖ్యమైన మందు అల్లోప్యూరినాల్. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో రూపొందింపగా 1966లో అచ్చట గౌట్‌కు అనుమతింపబడినది. వారిరువురును 1988లో నోబెల్ బహుమానము పంచుకొనిరి. ప్యూరినులు యూరిక్ ఆమ్లముగా మారు చివరి మెట్టును ఇది అడ్డగించును.

మూత్రపిండములు బలహీనమైనవారికి దీనిని ఇయ్యరాదను భయము మనలో ఉన్నది. అది సగమే నిజము. తగని మోతాదుతో ఆరంభించుట ప్రమాదము. ఇచ్చుటయే ప్రమాదము కాదు. దినమునకు 100 మిల్లీగ్రాములు మించకుండ, మూత్రపిండ వ్యాధి హెచ్చుగా ఉన్నచో 50తోనే మొదలుపెట్టి, కొన్ని వారముల కొకసారి రక్తము చూచి మెల్లగా పెంచుచు, యూరిక్ ఆమ్లము 6కు దిగువకు వచ్చువరకు పోవలెనని 2020లో అమెరికా కీళ్ళవైద్యుల సంఘము చెప్పినది. తొలి మాసములలో ఒంటిపై దద్దురులు లేచినను, జ్వరము వచ్చినను, నోరు పూసినను మరునాటికి వాయిదా వేయక మాత్రను ఆపి ఆసుపత్రికి పోవలెను. అరుదైనను అది ప్రాణాపాయకరమైన లక్షణము. ఇంకొక విచిత్రము: చికిత్స ఆరంభించిన కొత్తలో పాత పలుకులు కరగి కదలుటచే నొప్పి తరచుగా రావచ్చును. "ఈ మందు వచ్చినప్పటినుండియే నొప్పి హెచ్చినది" అని దానిని పారవేయువారు చాలమంది. అది మందు పనిచేయుచున్న గుర్తు. ఆ కాలమున నొప్పి రాకుండ మూడు నుండి ఆరు మాసములు తక్కువ మోతాదులో మరియొక మందును వైద్యుడు జతచేయును. అల్లోప్యూరినాల్ పడనివారికి ఫెబుక్సోస్టాట్ కలదు. గుండెజబ్బు ఉన్నవారు ఆ సంగతిని ముందుగా చెప్పవలెను. మూత్రములోనికి యూరిక్ ఆమ్లమును నెట్టు ప్రొబెనిసిడ్ వంటి మందులు బాగుగా చెడిన మూత్రపిండములలో పనిచేయవు.

ఇక దీనికి విరుద్ధమైన పొరపాటు ఒకటి. నొప్పి యనునదియే ఎరుగనివారు, పరీక్ష కాగితములో యూరిక్ ఆమ్లము 8 అని చూచి బెంగపడి మాత్రలు వాడుదురు. అది తగ్గినచో మూత్రపిండములు నిలుచునేమో యని శాస్త్రజ్ఞులును ఆశపడిరి. మూత్రపిండ వ్యాధి గలవారికి రెండేండ్లు అల్లోప్యూరినాల్ ఇచ్చి ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో జరిపిన పరిశోధనయు, మధుమేహులకు మూడేండ్లు ఇచ్చి జరిపిన మరియొకటియు 2020లో ప్రచురింపబడినవి. యూరిక్ ఆమ్లము తగ్గినది. మూత్రపిండములు చెడు వేగము మాత్రము తగ్గలేదు. కావున గౌట్ లేనివారికి అంకె కొరకే మందు అక్కరలేదు. నొప్పి వచ్చిన దినములలో ఆ అంకె మామూలుగా కనబడుటయు కలదు. రెండు వారములు గడచిన తరువాత మరల చూచుకొనవలెను.

భోజనము విషయమున మన ఇండ్లలో వృథా కట్టుబాట్లు చాల ఉన్నవి. గౌట్ అనగానే పప్పు మాన్పించుదురు, ఉలవచారు మాన్పించుదురు, అనుములను, ఆకుకూరలను దూరముంచుదురు. పప్పుధాన్యములలోను కూరలలోను ప్యూరినులు ఉన్న మాట నిజమే. అయినను వానివలన గౌట్ హెచ్చదని 2004లో అమెరికాలో వేలాది పురుషులను పండ్రెండేండ్లు గమనించిన పరిశోధన తెల్పినది. హెచ్చించునవి మాంసము, అందును మేక కార్జము మొదలగు లోపలి భాగములు, నెత్తళ్ళవంటి చిన్న చేపలు, ఎండుచేపలు, సారాయి, అన్నింటికంటె బీరు. సీసాలలో అమ్ము తీపి పానీయములును ఈ జాబితాలోనివే. తిరునాళ్ళలో పిల్లలకు కొనిపెట్టు తండ్రులు గమనింతురు గాక. ఇంత చేసినను పథ్యము వలన తగ్గునది స్వల్పమే. యూరిక్ ఆమ్లములో హెచ్చుభాగము మన కణములనుండి పుట్టునదే. "నోరు కట్టుకొనలేదు గనుక నొప్పి తెచ్చుకొన్నాడు" అని తాతను నిందించుట అన్యాయము.

పప్పు, రాగిసంగటి, పండ్లు ఎంతవరకు తినవచ్చునో నిర్ణయించునది మూత్రపిండములే గాని గౌట్ కాదు. మాంసకృత్తులు, పొటాషియము, భాస్వరము ఎంత ఉండవచ్చునో వైద్యుడు రక్తపరీక్ష చూచి చెప్పును. ఇరుగుపొరుగు చెప్పు సలహాలలో రెండు మాత్రము ప్రమాదకరములు. "బిందెడు నీళ్ళు త్రాగు, అన్నియు కడిగికొనిపోవును" అనునది ఒకటి. మూత్రము తక్కువై కాళ్ళు వాచినవానికి ఆ నీరు ఊపిరితిత్తులలో చేరి ఆయాసము తెచ్చును. "ఎండలో తిరిగితివి, కొబ్బరినీళ్ళు త్రాగు" అనునది రెండవది. కొబ్బరినీటిలో పొటాషియము హెచ్చు. మూత్రపిండములు చెడినవానికి అది గుండెను ఆపునంతటి పని చేయవచ్చును. నాటుమందుల సంగతియు ఇచ్చటనే చెప్పవలెను. ఈశ్వరివేరు, గాడిదగడపాకు అను మొక్కలలో మూత్రపిండములను శాశ్వతముగా చెరచు ఆమ్లము కలదు. పేరు లేని పొట్లములలో ఇచ్చు పొడులలో సీసము వంటి లోహములు గాని, చెప్పకుండ కలిపిన స్టెరాయిడు గాని ఉండవచ్చును.

డయాలిసిస్ మొదలైనవారికి యూరిక్ ఆమ్లమును ఆ యంత్రమే కొంత తొలగించును గనుక గౌట్ చాలమందికి తగ్గుముఖము పట్టును. మూత్రపిండము మార్పిడి జరిగినవారి సంగతి వేరు. క్రొత్త మూత్రపిండమును శరీరము త్రోసిపుచ్చకుండ ఇచ్చు సైక్లోస్పోరిన్ యూరిక్ ఆమ్లమును పెంచును. అదే పనికిచ్చు అజాథయోప్రిన్‌తో అల్లోప్యూరినాల్ కలిసినచో ఎముక మూలుగ రక్తకణములను తయారుచేయుట మానివేయును. ఈ రెండు మందులు వేర్వేరు వైద్యులు వ్రాసినవైనచో ఈ ప్రమాదము ఎవరి కంటను పడకపోవచ్చును.

ఇచ్చట మన విద్యార్థులకు ఒక పని కలదు. ఇంట మనము తెలుగు మాటలాడుదుము, ఆసుపత్రిలో తమిళము, మాత్రల పట్టీపై ఆంగ్లము. నాయనయో అవ్వయో "పచ్చమాత్ర, తెల్లమాత్ర" అని చెప్పినచో వైద్యునికి ఏమి తెలియును? మాత్రల పట్టీపై రంగుల అక్షరములలో ఉండునది వ్యాపారనామము. దాని క్రింద చిన్న అక్షరములలో ఉండునది మందు అసలు పేరు. ఒక కాగితముపై, ఇంటిలో వాడు ప్రతి మాత్ర అసలు పేరును, ఎన్ని మిల్లీగ్రాములో దానిని, చివరిసారి చూచిన క్రియాటినిన్‌ను, ఈ.జి.ఎఫ్.ఆర్.ను, యూరిక్ ఆమ్లమును తేదీలతో వ్రాయుడు. ఏ మందు పడక దద్దురులు లేచెనో అదియు వ్రాయుడు. తమిళమున మూత్రపిండమును సిరునీరగమందురు. "సిరునీరగ వ్యాధి ఉన్నది, నొప్పి మాత్ర ఇయ్యవలదు" అను మాటను అంగడివానికైనను, సూదివేయువానికైనను తమిళమున చెప్పుట మన పిల్లలకు కష్టము కాదు.

తమిళనాడు ప్రభుత్వము ఇంటింటికి వచ్చి పోటును, చక్కెరను చూచి మాత్రలిచ్చు "మక్కళై తేడి మరుత్తువమ్" పథకమును 2021 ఆగస్టు 5న మన జిల్లాలోని సామనపల్లి గ్రామముననే ప్రారంభించినది. ఇంటికి వచ్చిన ఆరోగ్య కార్యకర్తకు పైన చెప్పిన కాగితము చూపవచ్చును. మధుమేహముగాని పోటుగాని ఉన్నవారు ఏటికొకసారియైన క్రియాటినిన్‌ను, మూత్రములో పోవు ఆల్బుమిన్‌ను పరీక్షింపించుకొనవలెను. అల్లోప్యూరినాల్ మోతాదు కుదిరి యూరిక్ ఆమ్లము 6కు దిగువన నిలిచిన తరువాత ఆరు మాసముల కొకసారి చూచినచో చాలును. మాత్రను మాత్రము నొప్పి లేదని మానరాదు, నొప్పి వచ్చినదనియు మానరాదు.